గర్డరు కింద నిలబడే జాగ

అన్నా,

రజాకార్ల తూటాకు నువ్వు పోయి నేటికి ఏడాది. పట్నం పారిపోయిన దొర మిలిట్రీ వెంబడి మల్ల ఊరికొచ్చిండు. గడికి కొత్త బాల్కనీ కట్టిస్తాండు. పట్నం మేస్త్రి ఇనుప గర్డర్లు వెట్టిపోయిండు. వాటి మీద బండలు పరిచే పని నాది.

బండలెత్తే ముందు నీ మూరకట్టెతోని గర్డర్లు కొలిచిన. బయటికి రెండు మూరలున్నయి, గోడ లోపలికి ఒక్క మూర గూడ పోలే. బయటికెంతనో లోపలికి గంతకు రెండింతలుండాలె అని నువ్వు చెప్పినవు గద. "గిట్లయితె బరువుకు కూలుతది, నేను బండలెయ్య," అని దొర గుమాస్తతోని అన్న.

"సున్నం పూస్తె ఎవనికి కనవడ్తది? దొర నిలబడేది మీదనే గద," అన్నడు గుమాస్త. దాని కింద చేతులు కట్టుకొని నిలబడేది మనోళ్లని ఆయనకు యాదికే లేదు.

కట్టినోడే ముందుగాల దాని కింద నిలబడాలన్నది నీ రివాజు. గీ గర్డర్లు వెట్టింది నేను కాదు. పక్కనే ఉన్న దొర దిక్కు తిరిగిన. "మంచిగున్నయంటె మీరే కింద నిలబడుండ్రి దొరా, నేను మీద బండలేస్త," అన్న.

దొర నిలబడలే. ఇయ్యాల గర్డర్లు ఊడదీయిస్తాండు.

గా మాట ఎన్క నేను ఎప్పటి లెక్క 'నీ బాంచెన్ దొరా' అనలే. మరిచిపోయి కాదన్నా.