పుట్టింటి ఎర్ర మేలిముసుగు

కుంఫిణీ రెసిడెంటు దొరవారికి,

మా అమ్మాయి కేసర్ అత్తవారింటి నుంచి రాసిన ఉత్తరం మీ కచేరీలో రెండు నెలలు ఆగి, నిన్న నాకు చేరింది. "బాపూసా, కాన్పుకి వెంటనే తీసుకెళ్ళండి. ఇక్కడ నన్ను బతకనివ్వరు" అని ఉంది.

ఆలస్యమెందుకని అడిగితే మీ మున్షీ, "ఆడపిల్ల ఏడుపుక్కూడా తర్జుమా కావాలిగా, మహారాజా!" అని నవ్వాడు. వెంటనే వియ్యంకుడి ఉత్తరమూ చేతిలో పెట్టాడు. అమ్మాయి పోయిందట. మా ఆచారం ప్రకారం చితి మీద కప్పడానికి పుట్టింటి ఎర్ర మేలిముసుగు పంపమన్నారు. అది రాసి నెలయింది.

పరరాజ్యాలతో ఉత్తరాలన్నీ మీ ద్వారానే నడవాలన్న ఒడంబడికపై రాజముద్ర వేసింది నేనే. కూతురి అత్తిల్లూ పరరాజ్యమేనని ఆ రోజు నాకు తట్టలేదు.

మీ మున్షీకి శ్రమ లేకుండా ఒక్క ముక్కే అడుగుతాను. అమ్మాయికి ఏం కప్పి కాల్చారో వియ్యంకుణ్ణి అడగడానికి అనుమతి ఇప్పించండి.