మునిగిన రోడ్డు మీంచి పడవ

ఆగస్టు 3, ఆదివారం
పడవ వచ్చేసింది. హైదరాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు నేను నేర్చుకున్న తెరచాప పడవే. అక్కడి పడవల క్లబ్బు వాళ్లు పాతదని తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. రిజర్వాయర్ ఒడ్డున, ట్రైలర్ మీద ఉంది. బాపు గొర్రెల్ని వదిలేసి చుట్టూ తిరిగి చూశాడు. "ఇంజిన్ ఏదే?" లేదు బాపూ, గాలే. నమ్మలేదు.

ఆగస్టు 5
పడవ నీళ్లలో దించడానికి చేపల సంఘం పెద్ద సాయిలు మామ ఒప్పుకోడు. "నువ్వు మునిగితే మేమే గదా దుంకాలె." చివరికి షరతు పెట్టాడు — ఆదివారం నేనొక్కదాన్నే నీళ్లలోకి దించాలి, నేనొక్కదాన్నే తిరిగి ట్రైలర్ ఎక్కించాలి. ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. కుదిరితే పడవ ఇక్కడే ఉంటుంది. లేదంటే అమ్ముకోవడమే. మా దొడ్డిలో జీవాలకే జాగా లేదు.
భయంగా ఉంది. హైదరాబాద్‌లో ఎప్పుడూ ఇంకో మనిషి తెరచాప కొయ్య పట్టుకునేది.

ఆగస్టు 7
బడి అయ్యాక సాధన. తెరచాప కొయ్య అడుగు కొనను పడవలోని గూట్లో దించి, పక్క తీగలు బిగించి, ముందు తాడు పట్టుకుని ఒళ్లంతా బరువేసి లాగడం... లేచింది. తెరచాప ఎత్తగానే అడ్డంగా తిరిగి నన్ను కింద పడేసింది. మోచెయ్యి చెక్కుకుపోయింది.
బాపు దూరం నుంచే — "జీవాలు గాలికి మొకం పెట్టి మేస్తయి బిడ్డా. గట్ల నిలబెట్టి సూడు."
ట్రైలర్ తిప్పాను. తెరచాప రెపరెపలాడింది కానీ నా మీదికి రాలేదు. నాలుగేళ్లు నేర్చుకున్నాను, ఈ మాటే మర్చిపోయాను. సిగ్గేసింది.

ఆగస్టు 9
రేపే. గాలి పడమటి నుంచే ఉంది.

ఆగస్టు 10
దించాను.
రిజర్వాయర్లో మునిగిన పాత బస్సు రోడ్డు నేరుగా నీళ్లలోకి పోతుంది. దాని మీదే ట్రైలర్ మెల్లగా వదిలాను. కాళ్ల కింద తారు, నడుము దాకా నీళ్లు. పడవ తేలింది. ఎక్కాను. తెరచాప తాడు గుంజగానే కదిలింది... చప్పుడు లేదు. ట్యాంకర్ వెనక బిందెతో ఉరికిన ఊరు మాది. ఆ ఊరి పక్కనే ఇన్ని నీళ్లు, వాటి మీద నేను. గాలి బలమంతా నా అరచేతిలో తెలుస్తోంది. ఎంత పెద్దది ఈ ఆకాశం. ఏడ్చేశాను, సంతోషం పట్టలేక.
ఒడ్డుకు వచ్చి ట్రైలర్ మీదికి లాగుతుంటే నాచు మీద కాలు జారింది. పడవ వెనక్కి పోతోంది, తాడు చేతిని కోస్తోంది. "ఇడువకు బిడ్డా" — బాపు. మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగని మనిషి, ఛాతీ దాకా నీళ్లలో, భుజంతో పడవను ఆపాడు. షరతు ఆయనకు తెలుసు. వదిలెయ్యమని అనలేకపోయాను. ఇద్దరం కలిసి ఎక్కించాం.
సాయిలు మామ అంతా చూశాడు. "పొద్దుగాల సంఘం కాడికి రా, చెప్త." వెళ్లిపోయాడు.

ఆగస్టు 11
బాపు పొద్దున్నే అడిగాడు — "నేను ముట్టితే ఖరాబైందా?" అన్నం తినలేదు ఆయన.
సంఘం షెడ్డు తలుపు ఇంకా తీయలేదు; పడవ ఉంటుందో, అమ్ముకోవాలో అది తీశాకే తెలుస్తుంది. మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. బాపు రానన్నవాడే వచ్చాడు. దూరంగా, నాకేం సంబంధం లేదన్నట్టు నిలబడ్డాడు.