చుట్టం కాని మనిషి కావాలి

గ్లాస్గో, సోమవారం

అమ్మా, నేను కులాసా. నువ్వు పంపిన ఓట్ రొట్టెలు హాస్టల్ అమ్మాయిలు ఒక్క పూటలో ఊడ్చేశారు.

పడవ ఇంజన్ల షెడ్డులో పని నేర్చుకోవడానికి నేను రాసిన దరఖాస్తును, కాలేజీలో ఉద్యోగాల సలహాలు చెప్పే గలహర్ మేడమ్ చూసింది. "అనుభవం దగ్గర ఖాళీగా వదిలేశావేం? సెలవుల్లో ఏం చేశావ్?" అంది. "ఏం లేదండీ. గొర్రెలకు పురుళ్లు పోశాను, నాన్న పడవ ఇంజన్ విప్పి బిగించాను" అన్నాను. "పిచ్చిపిల్లా, అదే రాయవే!" అని ఒకటే నవ్వు.

రాశాను. కానీ నా గురించి పూచీ ఉత్తరం ఇచ్చే మనిషి మాత్రం చుట్టం కాకూడదట! మన దీవి మొత్తం వేళ్ల మీద లెక్కపెట్టాను, అందరూ మనవాళ్లే. మిగిలింది ఫెర్రీ సరంగు టార్మోడ్ ఒక్కడే. అతనికేమో ఈ శనివారమే మన ఎఫీ పిన్నితో పెళ్లి! చర్చి మెట్లు ఎక్కకముందే అతని చేత ఉత్తరం రాయించి, సంతకం, తేదీ పెట్టించి పంపు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నల్ల గొర్రె ఈనిందా? పరీక్షల వల్ల పెళ్లికి రాలేను, పిన్నిని అలగొద్దను. టార్మోడ్‌ని బాబాయి అన్నానని చెప్పు, సంతకం పెట్టాకే సుమా.

నీ ఊనా