అమ్మ దిగని స్టాపు

శంషాబాద్,
ఆదివారం

ప్రేమలతక్కా,

ఆడవాళ్లకు ఫ్రీ బస్సు దండగని బావ అంటున్నాడని ఫోనులో చెప్పావు. ఈ ఉత్తరం ఆయనకూ చదివి వినిపించు.

బాపు పోయినప్పటి నుంచి అమ్మ నోరు విప్పడం లేదని నీకు తెలుసు. మొన్న దవాఖానకు తీసుకెళ్లి తిరిగి వస్తుంటే, మన స్టాపు వచ్చినా ఆమె లేవలేదు. కిటికీ ఊచ పట్టుకుని అలాగే కూర్చుంది. నేను పరేషానయ్యాను. కండక్టరమ్మ మాత్రం మా ఆధార్ కార్డులు చూసి ఇంకో రెండు పైసల్లేని జీరో టికెట్లు కొట్టి, "కూసోనియ్యి చెల్లె, జర గాలి తగలనియ్యి" అంది.

బస్సు తొండుపల్లి వైపు సాగింది. ఎండ మెత్తబడింది. అమ్మ తెల్లవెంట్రుకలు గాలికి లేస్తుంటే నాకు అంతా కలలా ఉంది. ఇంతలో ఒక విమానం చక్రాలు కనిపించేంత కిందుగా రోడ్డు దాటి, ఎయిర్‌పోర్టు గోడ అవతల దిగింది.

"గది మీ బాపు జొన్నచేన్ల దిగింది బిడ్డా" అంది అమ్మ.

చేను ఎయిర్‌పోర్టులో పోయాక దాని మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేను ఆమెకు ఇంకా దగ్గరగా జరిగాను.

"గప్పుడు పిట్టలు దిగితే వడిసెలతోటి కొట్టేటోడు. ఇంత పెద్ద పిట్టనేం కొడ్తడు?" అని నవ్వింది.

టికెట్టుకు డబ్బులు పెట్టాల్సి ఉంటే, నేను ఆమెను మన స్టాపులోనే చెయ్యి పట్టి దింపేసేదాన్ని అక్కా.

ఈ పొద్దున నేను లేచేసరికి అమ్మ తల దువ్వుకుని, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఇయ్యాల ఏ బస్సెక్కుదాం?" అని అడిగింది.

నీ చెల్లెలు