గుండ్రటి పిన్నులో తప్పు

అత్తయ్యా,

నీ కీబోర్డు బాగుచేసి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. అది పాడైంది నీ వల్ల కాదు, నా వల్ల.

పాత అడాప్టరు పోయిందంటే, ఫోను ఛార్జరుతో నడిచేలా కేబులు చేసిచ్చాను కదా. ఛార్జరు నుంచి తొమ్మిది వోల్టులే వచ్చేలా సరిగ్గానే చేశాను. కానీ గుండ్రటి పిన్నుకి ప్లస్ ఎప్పుడూ లోపలే ఉంటుందనుకున్నాను. నీ కీబోర్డుకి లోపల మైనస్. సాకెట్టు పక్కనే బొమ్మ వేసి ఉంది. పదేళ్లుగా రిపేర్లు చేస్తున్నవాణ్ణి, దాని వంక కూడా చూడలేదు. కరెంటు తారుమారై లోపల మాడింది.

నువ్వేమో "చూపు ఆనడం లేదురా, ఎక్కడో తప్పు గుచ్చినట్టున్నాను" అన్నావు. నేను కిక్కురుమనలేదు. నువ్వు పిల్లలకి సంగీతం పాఠాలే మానేశావని మొన్న అమ్మ చెప్పింది.

కొత్త కేబులుకి ఎర్రదారం చుట్టాను. పాతదాన్ని రెండు ముక్కలు చేసి పారెయ్యి. పిల్లల్ని మళ్ళీ రమ్మను.

తప్పు నాదేనని అందరికీ చెప్పు. ముందు మా అమ్మకి చెప్పు. నేను చెబితే, నిన్ను వెనకేసుకొస్తున్నానంటోంది. ఈ ఉత్తరం చూపించు, అందుకే సంతకం పెద్దగా పెట్టాను.

నీ మేనల్లుడు