నారుమడిలో కలిసిపోయిన మొలకలు

ఆదివారం రాత్రి, వేములపల్లి

ల్యాబ్ నుంచి తెచ్చిన డబ్బా ఖాళీ.

అందులోని వరి మొలకల్లో మేం కొత్త జన్యువు పెట్టాం. మైక్రోస్కోప్ కింద నీలి వెలుతురు పడితే బతికున్న వేళ్లు పచ్చగా మెరుస్తాయి. అవి బయటి మట్టిలో పడకూడదన్నది మొదటి నియమం. రేపు హైదరాబాద్‌లోని పెద్ద మైక్రోస్కోప్ దగ్గరికి తీసుకెళ్లాలి, ఒక్క రాత్రికే కదా అని ఇంటికి తెచ్చాను.

మధ్యాహ్నం నిద్రలేచేసరికి అమ్మ వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది.

"నీ డబ్బాల నారు వాడిపోతుంటే పానం ఊకోలే బిడ్డా. మన నారుమడిల పల్చగున్న కాడల్ల నాటొచ్చిన" అంది.

పరుగెత్తాను. మడంతా ఒకటే పచ్చన. ఏది ల్యాబ్‌దో ఏది మనదో ఆకు చూసి చెప్పలేం. నాటిన అమ్మకే గుర్తులేదు.

"వరే గదనే, గింత పరేషాన్ ఎందుకు?" అంది.

ల్యాబ్‌లో మా సార్‌కు చెబితే నారంతా పీకి కాల్చమంటారు, ఈసారి మాకు పంట ఉండదు. చెప్పకపోతే అవి పూతకొస్తాయి, గింజ కడతాయి, ఆ వడ్లు మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. ఆ తర్వాత...

ఇందాక అమ్మ నా తల నిమిరి, "బుగులు పడకు బిడ్డా, నీ నారు ఒక్కటి గూడ సావదు" అని పడుకుంది.