ఆరు శేర్ల పిల్లగాడు

చొప్పదండి
14-10-1989

ప్రియమైన శ్రీవారికి,

స్వరూప నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీరు, అత్తమ్మ బాగున్నారని తలుస్తాను. బాపు మక్కలు ఆరబోశాడు. పగలంతా కోళ్లను తోలడమే నా పని.

నిన్న మా అవ్వ నన్ను కరీంనగర్ తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించింది. స్కానింగ్ తీశారు. బిడ్డ బాగా పెద్దగా ఉందట. కాన్పు నాటికి నాలుగున్నర కిలోలు దాటవచ్చు అన్నది. చక్కెర జబ్బేమోనని పరీక్ష కూడా చేసింది, అదేం లేదట. స్కానింగ్ లెక్క అటూ ఇటూ కావచ్చని ఆమే చెప్పింది.

ఆమె తొందరపెట్టలేదు. నొప్పులు వచ్చేదాకా ఆగి మామూలు కాన్పుకు చూడవచ్చు, చాలామందికి బాగానే అవుతుంది. కానీ తల వచ్చాక భుజాలు ఇరుక్కుంటే బిడ్డ చెయ్యి పడిపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందే రోజు పెట్టుకుని పెద్దాపరేషన్ చేస్తే ఆ గండం ఉండదు. కాకపోతే నెత్తురు ఎక్కువ పోతుంది, కోత మానేదాకా మంచమే, మళ్లీ కాన్పుకు ఈ కోత భయం ఉండనే ఉంటుంది. ఇంట్లో మాట్లాడుకుని రమ్మన్నది.

నేనా, మనిషిని పొట్టి. దేనికి ఎక్కువ భయపడాలో తెలియడం లేదు. ఏ సంగతైనా వెంటనే రాయండి.

మీ
స్వరూప

మందమర్రి
19-10-1989

ప్రియమైన స్వరూపకు,

నీ ఉత్తరం నేను మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి గడపలో ఉంది. బొగ్గు చేతులతోనే విప్పాను, మరకలు పడ్డాయి. అవ్వకు చదివి వినిపించాను.

అవ్వ మాట నీకు తెలిసిందే. శ్రీమంతం నాడు చెప్పిందే మళ్లీ చెప్పింది. "మా ఇంట్ల పిల్లలు గట్ల బొద్దుగనే పుడుతరు. నువ్వు ఆరు శేర్ల పిల్లగానివి. పొద్దుగాల నొప్పులచ్చినై, పగటీలి గట్క తాగెటాలకు పుట్టినవ్. కోత పడ్డ ఆడిది మళ్ల బిందె ఎత్తుతదా?" అన్నది. డాక్టర్లకు కత్తి చేతిలో ఉంటే ఊరుకోబుద్ధి కాదని కూడా అన్నది.

డాక్టరమ్మ చదువుకున్న మనిషి. అవ్వ కని పెంచిన మనిషి. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. నువ్వు ఫికర్ పెట్టుకోకు. అవ్వ అంత నిబ్బరంగా చెబుతుంటే నాకు కూడా మామూలుగానే అవుతుందేమో అనిపిస్తున్నది.

నీ
సిద్దిరాములు

చొప్పదండి
25-10-1989

ప్రియమైన శ్రీవారికి,

నమస్కారాలు. పోకచెక్క మీరు కాదండీ, నేను. మీరు షిఫ్టుకు పోయి వస్తారు, కడుపు మోసేది నేను.

మొన్న మళ్లీ కరీంనగర్ వెళ్లాం. మా ఆయన ఆరు శేర్లు పుట్టాడని ధైర్యంగా చెప్పాను. డాక్టరమ్మ రాసేది ఆపి నా ముఖం చూసింది. ఆరు శేర్లంటే అయిదున్నర కిలోలు, అంత బిడ్డను ఇంట్లో ఎవరు తూచారు అని అడిగింది.

బస్సులో మా అవ్వ అన్నది, పురిటి పిల్లను కాంటాలో పెట్టే ఆచారం మనకు లేదని. పిల్లలను తూచేది సమ్మక్క జాతరలోనే. మొక్కుకున్న వాళ్లు బిడ్డ ఎత్తు బెల్లం తూచి, బంగారమని సమ్మక్క తల్లికి ఇస్తారు. మిమ్మల్ని అలా తూచారని అత్తమ్మే నాకు ఒకసారి చెప్పింది. ఆరు శేర్లు ఆనాటి బరువు కాదా? అప్పటికి మీరు నెలల పిల్లాడు.

మా అవ్వ ఇంకో మాట అన్నది, అప్పటి నుంచి అది నన్ను వదలడం లేదు. "కాన్పు సాఫ్‌గ అయ్యేటోళ్లు ఎత్తు బంగారం ఎందుకు మొక్కుతరు బిడ్డా?"

అత్తమ్మను మెల్లగా అడగండి. కార్తీక పున్నమి లోపు చెప్పమన్నది డాక్టరమ్మ. ఆపరేషనో మామూలు కాన్పో నేనే తేల్చుకుంటాను. లేని ధైర్యం మీద మాత్రం తేల్చుకోలేను.

మీ
స్వరూప

మందమర్రి
1-11-1989

ప్రియమైన స్వరూపకు,

అడిగాను. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. చాట పక్కన పెట్టి నీళ్లకు పోయింది. తెల్లారి నేను సద్ది కట్టుకుంటుంటే తనంతట తానే చెప్పింది.

నాకంటే ముందు ఒక ఆడపిల్ల. బాగా పెద్ద పిల్ల. తల వచ్చింది, భుజాలు రాలేదు. మంత్రసాని గుంజి బయటికి తీసింది. పిల్ల ఏడవలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఈ సంగతి మా అవ్వ నోట నేను వినడం ఇదే మొదలు.

"నువ్వు కడుపుల పడ్డంక తల్లికి మొక్కిన. నువ్వు బతికి బయటపడితె ఎత్తు బంగారమిస్త అన్న. నువ్వు పిడికెడంత పుట్టినవ్. జాతర నాటికి ఆరు శేర్లయినవ్," అన్నది.

మరి ఎందుకలా చెప్పావు అని అడిగాను. నీ కడుపు చూసి భయపడి, నువ్వు భయపడకూడదని అలా అన్నదట. అంతకుముందు కూడా ఎవరు అడిగినా అదే చెప్పేదట. చెప్పగా చెప్పగా తనకే నిజమనిపించిందట. తర్వాత, "డాక్టరమ్మ ఎట్లంటె గట్ల చేయుమను," అని చాట ముందరేసుకుంది.

నాకు కోపం రాలేదు స్వరూపా. ఆ పిల్ల బతికి ఉంటే నాకు అక్క. డ్యూటీలో కూడా అదే తలపుకొచ్చింది.

ఇప్పుడు నీకు ఉన్నది ఉన్నట్టు తెలిసింది. గనిలో పైకప్పు మీద అనుమానం వస్తే మేం ముందు కర్ర నిలబెడతాం. కూలేదా కాదా అని తర్వాత ఎవరూ వాదించరు. నా మాట అది. నిర్ణయం నీదే, ఏదైనా నీ పక్కనే ఉంటాను. లీవు పెట్టాను, ఆదివారం బయలుదేరుతున్నాను.

నీ
సిద్దిరాములు

చొప్పదండి
28-11-1989

ప్రియమైన శ్రీవారికి,

నమస్కారాలు. బిడ్డ బాగుంది. పాలు తాగడం, నిద్రపోవడం, మధ్యలో మీలాగా ముఖం ముడుచుకోవడం. నాకు కుట్లు విప్పారు. దగ్గితే మాత్రం ప్రాణం పోతుంది.

వాడకట్టు ఆడవాళ్లు చూడటానికి వస్తున్నారు. వచ్చిన ప్రతి మనిషీ పిల్ల ఎంత తూగింది అని అడగడం, మూడు కిలోల ఎనిమిది వందలు అంటే నా వైపు ఒకలా చూడడం. గింత పిల్లకేనా కోయించుకున్నది అని కమలవ్వ నా ముందే అన్నది. కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మనే అడిగాను. స్కానింగ్ తప్పిందని ఒప్పుకుంది. మామూలుగా అయి ఉండేదేమో, ఇరుక్కునేదేమో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరన్నది.

ఆపరేషన్ చెయ్యండి అని మీ ముందే నా నోటితో చెప్పాను. దానికి బాధ లేదు. అయినా మనుషుల చూపులకు మనసు చివుక్కుమంటుంది. అత్తమ్మకు బరువు ఎంతని చెప్పారు? ఏమన్నది? దాచకుండా రాయండి. ఆ ఇంటికి రావలసిన దాన్ని కదా.

మీ
స్వరూప

మందమర్రి
4-12-1989

ప్రియమైన స్వరూపకు,

వచ్చిన రోజే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అవ్వ విన్నది. ఏమీ అనలేదు.

మొన్న నేను వాకిట్లో సైకిల్ చైను ఎక్కిస్తున్నాను. నల్లా దగ్గర పక్క క్వార్టర్ ఎల్లక్క అడిగింది, కోడలికి ఎందుకు కోశారని. అవ్వ బిందె దించి, "ఆరు శేర్ల పిల్ల. కోయక ఏం జేస్తరు?" అన్నది. నేను తల ఎత్తాను. అవ్వ కళ్లురిమి చూసింది. నేను మళ్లీ చైను చూసుకున్నాను. ఇప్పుడు మన లైనులో అందరికీ మన బిడ్డ ఆరు శేర్లు. నిన్ను ఒక్క మాట అనే మనిషి లేదు. రేపు నువ్వు వచ్చాక పిల్ల చిక్కిందేమిటని అడిగితే జవాబు అవ్వే చూసుకుంటుంది.

ఇంకో సంగతి. మాఘంలో జాతర. అవ్వ ఎత్తు బంగారం మొక్కిందట. పిల్ల ఎత్తు బెల్లమే కదా, సంచిలో పడుతుంది అన్నాను.

"పిల్లకు గాదు, కోడలికి," అన్నది. "గప్పుడు అందరు పిల్లకోసమే ఏడిసిండ్రు. నేను బతికిన్నని ఎవ్వలు మొక్కలే."

కాంటాలో నిన్ను కూర్చోబెట్టేది తానేనట, ఆ పని ఎవరికీ ఇవ్వదట. బెల్లం మోసేది మాత్రం నేను. అయినా తిండి తగ్గించకు.

నీ
సిద్దిరాములు